ఏడో నంబరు కింద రాసిన రెండు పాయింట్లు

శామీర్‌పేట,
24-3-2003

పార్వతీదేవి మేడం గారికి,
హజీరా నమస్కరించి రాస్తున్నది.

స్కోరర్ల పరీక్షకు దరఖాస్తు చేరడానికి మే 31 ఆఖరి తేదీ. దానికి మీ ఉత్తరం, మీ సంతకం కావాలి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. మీరు జోగిపేటకు బదిలీ అయ్యాక మన స్కూల్లో వ్యాయామం చెప్పేవాళ్ళు లేరు. ఉన్నా నేను మిమ్మల్నే అడిగేదాన్ని.

దరఖాస్తుతో రెండు పెట్టాలన్నారు. ఒక టోర్నమెంటులో మొదటి నుంచి చివరిదాకా నేనే రాసిన స్కోరు షీట్లు. ఈ అమ్మాయి చూసింది చూసినట్టు రాస్తుందని ఒక వ్యాయామ టీచరు రాసిచ్చిన ఉత్తరం. పాసైతే జిల్లా మ్యాచులకు పిలుస్తారు. ఈ ఏడు తప్పితే మళ్ళీ రెండేళ్ళకు గాని పరీక్ష పెట్టరు. మా ఇంట్లో టెన్త్ దాటినదాన్ని నేనొక్కదాన్నే. డిగ్రీ రెండో ఏడు కూడా అయిపోవస్తున్నది. చదివి ఏం చేస్తున్నావని ఎవరన్నా అడిగితే చూపించడానికి ఇంతవరకు ఏమీ లేదు.

షీట్ల సంగతి ఇబ్బంది లేదు. మేడ్చల్ గ్రౌండులో ఎనిమిది ఊళ్ళ బాస్కెట్‌బాల్ కప్పు జరుగుతున్నది. ఏప్రిల్ 12 నుంచి నాకౌట్. ఒక్కో జోడీకి మూడు మ్యాచులు, ముందు రెండు గెలిచినవాళ్ళు పైకి పోతారు. స్కోరు బల్ల దగ్గర నేనే.

ఇక్కడ ఇంకో సంగతి కూడా నడుస్తున్నది. కేబుల్ భాస్కరన్న ఒక పోటీ పెట్టిండు. కూపన్ మీద ఐదుగురు ఆటగాళ్ళ పేర్లు రాసి ఇవ్వాలి. ఒక ఊరి జట్టు నుంచి ఇద్దరికి మించకూడదు. నాకౌట్ మొత్తంలో ఆ ఐదుగురు వేసిన పాయింట్లు కలిపితే ఎవరిది ఎక్కువైతే వాళ్ళకు ఇరవై ఒక్క అంగుళాల టీవీ. టీవీ లేనివాళ్ళు కూడా పాల్గొనవచ్చని కింద అచ్చేయించిండు. దానికే అందరూ నవ్వుతున్నారు.

అందరూ బౌరంపేట శ్రవణ్ పేరే మొదట రాస్తున్నారు. లీగ్ మ్యాచుల్లో సగటున ఇరవై నాలుగు వేసినవాడు. కానీ బౌరంపేటకు మొదటి జోడీ మేడ్చల్‌తో పడ్డది. రెండు మ్యాచుల్లో ఇంటికి పోతారు. రెండు ఇరవై నాలుగులు నలభై ఎనిమిది, అంతే. గుండ్లపోచంపల్లి జట్టులో ఏడో నంబరు పర్వతాలు అని ఒకతను ఉన్నాడు. గోదాములో బస్తాలు దించే పని. మ్యాచుకు తొమ్మిదే వేస్తాడు, కానీ ఏ మ్యాచులోనూ ఎనిమిదికి తగ్గలేదు, ఫౌళ్ళు చేసి బయట కూర్చోలేదు. ఆ జట్టు సులువుగా గెలవదు, సులువుగా ఓడదు. ప్రతి జోడీలోనూ మూడో మ్యాచుదాకా పోతుంది. ఫైనల్‌దాకా పోతే తొమ్మిది మ్యాచులు. తొమ్మిది తొమ్మిదులు ఎనభై ఒకటి. అంటే ఎవరు ఎన్ని వేస్తారని కాదు, ఎవరు ఎన్ని రోజులు ఆడతారని చూడాలి. తేలిగ్గా గెలిచే జట్టు కంటే చెమటోడ్చి గెలిచే జట్టే మేలు. ఈ ముక్క ఇక్కడ ఎవరికీ తట్టలేదు.

ఊరికే రాసిన. ఎవరన్నా అడిగితే ఇట్లా చెప్పేదాన్ని అని.

ఉత్తరం ఇస్తారని ఆశిస్తూ,
హజీరా

*

జోగిపేట,
1-4-2003

చి. హజీరాకు,
ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పరీక్ష గురించి పన్నెండు పంక్తులు, టీవీ పోటీ గురించి అంతకు రెట్టింపు రాశావు. నీ లెక్క సరైనదే. నేనైతే ఇంకొకటి కూడా చూసేదాన్ని. ఫైనల్లో ఎదురుపడగల రెండు జట్లు ఏవో ఊహించి, చెరి ఇద్దరిని తీసుకోవాలి. ఐదోవాడు సెమీఫైనల్లో ఓడినా మూడు మ్యాచులు ఆడి ఓడే జట్టువాడై ఉండాలి. నీకు ఇది తట్టే ఉంటుంది.

ఇప్పుడు అసలు మాట. నాకౌట్ షీట్లన్నీ పంపు. చూసి సంతకం పెడతాను. చూడకుండా పెట్టను. నువ్వు నా శిష్యురాలివి కదా అని పెడితే ఆ సంతకానికి విలువ ఏముంటుంది?

నీకు తెలిసినవే మళ్ళీ రాస్తున్నాను. పెన్నుతోనే రాయి. పాయింటు పక్కన వేసినవాడి నంబరు అప్పటికప్పుడే పడాలి. చూడకపోతే రిఫరీని అడుగు. నీ చేయి పైకి లేస్తే ఆట ఆగుతుంది, సిగ్గుపడకు. తప్పు పడితే కొట్టేయకు, దిద్దకు. తప్పు కనిపించేట్టు చుట్టూ సున్నా చుట్టి, పక్కన సరైనది రాసి, రిఫరీ సంతకం తీసుకో.

మీ అమ్మీ నిన్ను ఆడనియ్యనన్న రోజు గుర్తుందా? ఆడనియ్యకపోతే రాయనియ్యండి అన్నాను. ఆమె ఒప్పుకున్నది నువ్వు కుర్చీలో కూర్చుంటావని. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఊరు ఉండదు, చుట్టం ఉండదు.

ఇక్కడ రింగుకు వల లేదు. బంతి లోపలి నుంచి పోయిందా పక్క నుంచి పోయిందా అని ప్రతిసారీ పంచాయితీ.

నువ్వు కూపన్ వేశావా?

పార్వతీదేవి

*

శామీర్‌పేట,
16-4-2003

మేడం గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివిన. చెప్పినవన్నీ పాటిస్తున్నాను.

ఆటగాళ్ళు, రిఫరీలు, బల్ల దగ్గర కూర్చునేవాళ్ళు కూపన్ వేయకూడదని భాస్కరన్న నియమం. మా చెల్లె అనం వేసింది. ఆమెకు టీవీ పిచ్చి మీకు తెలుసు. నేను కొంచెం సాయం చేసిన.

కూపన్ ఇవ్వడానికి కేబుల్ ఆఫీసుకు పోతే అక్కడ ఐదారుగురు మగవాళ్ళు కూర్చొని ఉన్నారు. భాస్కరన్న కూపన్ పైకి చదివిండు.

"శ్రవణ్ లేడేంది? మర్చిపోయినవా పిల్లా?"

"మర్చిపోలే," అన్నది అనం.

"పర్వతాలు అంటే ఎవలు? గా బస్తాలు మోసెటాయనా?"

"ఆయననే. ఏం, బస్తాలు మోసెటోళ్ళు బాల్ ఎయ్యొద్దా?"

"ఎయ్యొచ్చు తల్లీ. గని టీవీ మీద ఆశ ఇడిసిపెట్టు."

అందరూ నవ్విండ్రు. అనం నా వంక చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ చూస్తూ నిలబడ్డ.

మొదటి జోడీలు అయిపోవస్తున్నయి. అనుకున్నట్టే శ్రవణ్ ఇరవై ఏడు, ఇరవై రెండు వేసి ఇంటికి పోయిండు. మేడ్చల్ రెండు మ్యాచుల్లోనే గెలిచింది. గుండ్లపోచంపల్లి ఒకటి ఓడి రెండు గెలిచింది. మన పర్వతాలు ఎనిమిది, పది, తొమ్మిది. నిన్నటిదాకా మన ఐదుగురిలో ఒక్కరు కూడా ఇంటికి పోలేదు. శామీర్‌పేటకు మూడో మ్యాచు రేపు. గెలిస్తే సెమీస్‌లో గుండ్లపోచంపల్లితోనే పడుతుంది, అది కూడా మూడు మ్యాచులు నడిస్తే మనకు మంచిది.

మా అబ్బా పనిచేసే అంగూరు తోటలో కోతలు అయిపోయినయి. ఈసారి తోట యజమాని తీగలు తీసేయించి ప్లాట్లు కొట్టిస్తాడట. కత్తిరింపు పని ఇంకెక్కడ దొరుకుతుందో చూడాలి అంటున్నాడు.

హజీరా

*

జోగిపేట,
24-4-2003

చి. హజీరాకు,

నీ ఉత్తరంలో ఆట గురించి "మన" అన్న మాట మూడుచోట్ల ఉంది. లెక్కపెట్టడం నీకు నేర్పింది నేనే.

నేను ఒక ప్రశ్న అడిగాను. నువ్వు ఇంకో ప్రశ్నకు జవాబు రాశావు. మళ్ళీ అడగను.

షీట్లు పంపు.

మీ అబ్బా పనికి సదాశివపేట దగ్గర నాకు తెలిసిన జామతోటలవాళ్ళున్నారు. కావాలంటే రాస్తాను.

పార్వతీదేవి

*

శామీర్‌పేట,
6-5-2003

మేడం గారికి నమస్కారాలు.

కప్పు ఆదివారం అయిపోయింది. గుండ్లపోచంపల్లి గెలిచింది. సెమీస్ మూడు మ్యాచులు, ఫైనల్ కూడా మూడు మ్యాచులు నడిచినయి. పద్దెనిమిది షీట్లు రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను. చూసి సంతకం చేయగలరు.

పోటీలో అనం గెలిచింది. అనంకు మూడు వందల ముప్పై ఏడు. రెండో స్థానం గుండ్లపోచంపల్లి ఇషితకు, మూడు వందల ముప్పై ఆరు. ఎనిమిదో తరగతి పిల్ల. టీవీ ఇంటికి వచ్చింది. అమ్మీ దానికి చాదర్ కప్పి పెట్టింది.

అబ్బా జామతోట గురించి సరేనన్నాడు. మీకు షుక్రియా చెప్పమన్నాడు.

ఇంతకంటే విశేషాలు లేవు.

హజీరా

*

జోగిపేట,
13-5-2003

చి. హజీరాకు,
ఆశీస్సులు.

పద్దెనిమిది షీట్లూ చూశాను. ఒక ఆదివారం మొత్తం పట్టింది. ప్రతి షీటులో ఆటగాళ్ళ మొత్తాలు కూడి చూశాను, జట్టు స్కోరుతో సరిపోయాయి. ఫౌళ్ళు సరిపోయాయి. అక్షరాలు మునుపటికంటే బాగున్నాయి.

పద్దెనిమిదింటిలో ఒక్క సున్నా కూడా లేదు. ఇరవై రెండేళ్ళుగా పిల్లలతో షీట్లు రాయిస్తున్నాను. తప్పు చుట్టిన సున్నా ఒక్కటైనా లేని టోర్నమెంటు నేను చూడలేదు. నా చేతితో రాసినవాటిలో కూడా అట్లాంటిది లేదు.

నువ్వు చూసింది చూసినట్టు రాస్తావని ఉత్తరం రాసి సంతకం పెట్టాను. దీంతోనే జతచేశాను. షీట్లు కూడా తిరిగి పంపుతున్నాను. తేదీ దాటనీయకు.

మీ అబ్బాను జూన్ మొదటి వారంలో సదాశివపేటకు పంపు. బస్సు దిగి నా పేరు చెప్పమను.

పార్వతీదేవి

*

శామీర్‌పేట,
20-5-2003

పార్వతీదేవి మేడం గారికి,
హజీరా నమస్కరించి రాస్తున్నది.

మీరు సంతకం పెట్టిన ఉత్తరాన్ని ఇందులో తిరిగి పంపుతున్నాను. దరఖాస్తుతో పెట్టడానికి చేయి రాలేదు. ఎందుకు రాలేదో మే 31 లోపలే మీకు తెలియాలి కనుక ఇది రాస్తున్నాను.

కూపన్ నాది. సంతకం అనంది, చేతిరాత నాది, ఐదు పేర్లూ నావి. మీరు అడిగిన రోజు అవునని రాయవలసింది. కూపన్ నింపింది టీవీ మీద ఆశతో కాదు. నా లెక్క సరైనదని తేలితే చాలు అనుకున్న. కేబుల్ ఆఫీసులో నవ్వినవాళ్ళకు ఆ లెక్క నాదని ఎప్పటికీ తెలియదు కదా అన్న బాధ కూడా ఉండేది.

ఫైనల్ మూడో మ్యాచు, ఇంకా నాలుగు నిమిషాలున్నయి. గుండ్లపోచంపల్లివాళ్ళు వేసిన బంతి రింగుకు తగిలి పైకి లేచింది. కింద మూడు చేతులు లేచినయి. ఒకటి మేడ్చల్ వాళ్ళది. ఒకటి ఏడో నంబరు, పర్వతాలు. ఒకటి పన్నెండు, అభిలాష్. బంతి లోపల పడ్డది. ఏడు, పన్నెండు ఒక జట్టువాళ్ళే కాబట్టి ఎవరిదైనా ఆ జట్టుకు రెండు పాయింట్లే, గెలుపు ఓటములు మారవు. నేను ఏడు అని రాసిన.

ఏడో నంబరు చేయి తగిలినట్టు కనిపించింది. నెల రోజులుగా నా కళ్ళు ఆ ఐదుగురి వెంటే తిరిగినయి కనుక కనిపించిందా, నిజంగానే తగిలిందా, ఇప్పటికీ చెప్పలేను. అయితే ఒకటి మాత్రం చెప్పగలను. రిఫరీని అడగాలని నాకు తట్టింది. చేయి సగం లేపిన కూడా. అడిగితే పన్నెండు అంటాడేమోనని దించేసిన. మీరు ఏడు షీట్లు చూసినా, డెబ్బై షీట్లు చూసినా, దించేసిన చేయి షీటులో కనిపించదు.

అనం గెలిచింది ఒక్క పాయింటుతో.

ఆ మరునాడు కుర్చీలు లెక్కపెట్టి అప్పజెప్పడానికి గ్రౌండుకు పోయిన. అభిలాష్ అక్కడే ఉన్నాడు. నవ్వుకుంటూ వచ్చి, "అక్కా, గా బాస్కెట్ నాది. నువ్వు పర్వతాలన్న కింద రాసినవట," అన్నాడు.

నేను కుర్చీలు లెక్కపెడుతూనే ఉన్న.

"పోనీ తియ్యక్కా. కప్పు గెల్చినం గద, ఎవలు ఏస్తేంది. గని మా ఇషిత మస్తు ఏడ్చింది. నా పేరు రాసింది గద కూపన్ల. అన్నవని రాసిన, నువ్వే ఒక్క బాస్కెట్ తక్కువేసినవని నన్నే తిట్టబట్టింది."

ఆ పిల్లకు లెక్క ఏమీ తెలియదు మేడం. అన్న కాబట్టి అభిలాష్ పేరు రాసింది. మిగిలిన నలుగురిని కూడా, వేరే ఊళ్ళ జట్లవాళ్ళను సైతం, అన్న దోస్తులని రాసిందట.

అంత విన్న తర్వాత కూడా మీకు షీట్లు పంపిన. మే 6న రాసిన ఉత్తరం అదే. మీరు సంతకం పెట్టరేమో అనుకున్న. పెడితే మరిచిపోవచ్చు అని కూడా అనుకున్న. మీరు ఆదివారం మొత్తం కూర్చొని ప్రతి వరుస కూడి చూసిండ్రని చదివిన తర్వాత పద్దెనిమిదో షీటు తీసి ముందు పెట్టుకున్న.

మొన్న అల్వాల్ పోయి రిఫరీ లక్ష్మణ్ సార్‌ను కలిసిన. షీటు ఆయన ముందు పెట్టి ఆ బాస్కెట్ గుర్తుందా అని అడిగిన. "గుర్తుంది. పన్నెండు. నువ్వు చెయ్యి లేపినవు, అడుగుతవనుకొని నీ దిక్కు చూసిన. అడగలే. నీకు తెలుసనుకున్న," అన్నాడు. ఆయన ముందే ఏడు చుట్టూ సున్నా చుట్టి పక్కన పన్నెండు రాసిన. ఆయన సంతకం పెట్టి ఆ రోజు తేదీ వేసిండు. పద్నాలుగు రోజుల తర్వాత దిద్దిన షీటును పరీక్షవాళ్ళు ఒప్పుకుంటారో లేదో తనకు తెలియదన్నాడు.

ఇంట్లో కూడా చెప్పిన. మా ఇంట్లో మాట్లాడుకున్నది ఉర్దూలో, మీకు తెలుగులో రాస్తున్నాను. అబ్బా అంతా విన్నాడు. తర్వాత, "కాగితం మీద ఏడు అని రాసి ఉంది కదా?" అన్నాడు.

"ఉంది అబ్బా. కానీ అది నిజం కాదు."

"రాసింది నువ్వే కదా?"

"నేనే."

"అయితే చదువుకున్నవాళ్ళు రాసిందంతా ఇట్లాగేనా? తోట పోతున్నదని కూడా వాళ్ళు కాగితంలోనే చూపించారు. కాగితంలో ఉంది కదా అని నేను సరేనన్నాను."

తిట్టలేదు. అడిగిండు అంతే. తోట కాగితం సరైనదే కావచ్చు, నాకు తెలియదు. కానీ ఇకమీదట ఆయన నేను చదివి వినిపించే ఏ కాగితాన్నైనా ఒకసారి అనుమానంగా చూస్తాడు. మా ఇంట్లో ఇంతవరకు అందరూ రాసి ఉన్నదంతా నిజమని నమ్మినవాళ్ళే.

భాస్కరన్న దగ్గరికి పోయి చెప్తే, "ఛానల్ల పేరు చెప్పిన, ఫోటో చూపించిన, ఇగ అయిపోయింది పో. రెండు పాయింట్లు ఎవలు లెక్కవెడ్తరు?" అన్నాడు. నేను లెక్కపెడతానని చెప్పిన. దిద్దిన తర్వాత అనంకు మూడు వందల ముప్పై ఐదు, ఇషితకు మూడు వందల ముప్పై ఎనిమిది. అసలు బల్ల దగ్గర కూర్చున్నదాని కూపన్ చెల్లనే చెల్లదు. నిన్న పొద్దున అబ్బా, నేను ఆటోలో టీవీని చాదర్‌తో సహా గుండ్లపోచంపల్లి తీసుకుపోయి ఇషిత వాళ్ళింట్లో దించి వచ్చినం. చాదర్ అమ్మీ వెనక్కు తెమ్మన్నది, మరిచిపోయినం. ఆ పిల్ల తలుపు వెనక నిలబడి టీవీనే చూస్తున్నది. ఎందుకు తెచ్చినమో వాళ్ళ అమ్మకు చెప్తుంటే అభిలాష్ బయటికి పోయిండు.

అనం నాతో మాట్లాడటం లేదు. పొద్దున ఒక్క మాట అన్నది: "నీకు చదువొచ్చింది, ఇమాన్‌దారీ వచ్చింది. నాకు రెండు వారాల టీవీ వచ్చింది, అది కూడా పోయింది." నా పేరు దాచుకోవడానికి ఆమె పేరు వాడుకున్న.

షీట్లు మళ్ళీ పంపుతున్నాను. పద్దెనిమిదో దానిలో సున్నా ఉంది. దరఖాస్తు నింపి ఉంచిన. దానిలో మీ ఉత్తరం పెట్టే చోటు ఖాళీగా ఉంది.

ఇదంతా తెలిసిన తర్వాత కూడా నేను చూసింది చూసినట్టు రాస్తానని మీరు రాయగలిగితే, కొత్త తేదీతో మళ్ళీ రాయండి. అట్లా రాయలేకపోతే, పద్దెనిమిదింటిలో ఒకదానిలో రాయలేదని రాయండి. అది కూడా పెట్టి దరఖాస్తు పంపుతాను. ఏదీ రాయదలచుకోకపోతే ఒక కార్డు మీద ఆ మాటే రాయండి, రెండేళ్ళు ఆగుతాను. సదాశివపేట తోటవాళ్ళకు అబ్బా గురించి చెప్పిన మాట మాత్రం నా వల్ల మార్చకండి. ఆయన ఏ షీటూ రాయలేదు.

ఇక్కడి నుంచి దరఖాస్తు చేరడానికి రెండు రోజులు పడుతుంది. మీ జవాబు, షీట్లు మే 28, బుధవారం లోపల నాకు అందేట్టు పంపగలరు.

మీ విద్యార్థిని,
హజీరా